భీమక్కను నీ ఇంటికి తెస్తున్నాను

సిరోంచ,
జూన్ 18, 2007.

తమ్ముడు వినయ్‌కు,

నీకూ సరితకూ పాపకూ ప్రభువు తోడుండాలని కోరుతూ అక్క అరుంధతి రాస్తున్నది. ఫోన్ చేయొచ్చు కదా అని సరిత అంటుంది, నాకు తెలుసు. ఎస్టీడీ డబ్బాలో నిలబడి మాట్లాడితే బజారంతా చెవులు నిక్కబొడుచుకుని వింటుంది. పైగా మనిద్దరం చదివింది మరాఠీ బడిలో. తెలుగు నేర్పింది అమ్మ, బైబిలు ముందర పెట్టి. ఇలా రాసుకోకపోతే ఆ అక్షరాలు మరిచిపోతాం.

ఇక్కడ రెండు వానలు పడ్డాయి. నారుమళ్ళు దున్నుతున్నారు. నా అంగన్‌వాడీకి మొన్నటిదాకా ఇరవై ఇద్దరు పిల్లలు వచ్చేవారు. ఈ వారం తొమ్మిది మందే. జ్వరాలేమైనా వచ్చాయా అంటావేమో. జ్వరాలు కాదు, తల్లులకు నా మీద కోపం వచ్చింది. నేనొక జబ్బు మనిషికి రోజూ అన్నం తీసుకెళ్తున్నాను, స్నానం చేయిస్తున్నాను. ఆమెకు ఎయిడ్స్. ముట్టుకుంటే అంటదని మాకు ట్రైనింగులో మూడుసార్లు చెప్పారు. నేను వీధిలో ముప్పైసార్లు చెప్పాను. ఎవరు వింటారు?

ఊరి సంగతి అటుంచు, మన సంఘంలోనే గొడవ. ఆడవాళ్ళం ఎసరు పెట్టినప్పుడల్లా దేవునికని పిడికెడు బియ్యం తీసిపెట్టి ఆదివారం మందిరంలో పోస్తాం కదా, ఈ నెల నా పిడికిళ్ళు పోయలేదు. వండి ఆ మనిషికి పెట్టాను. సంఘపెద్ద దేవయ్య మామ అందరి ముందు నిలబెట్టి అడిగాడు.

“దేవుని బియ్యం తీస్కపోయి ఊర్ల ఎవరికో వండిపెడ్తవా? రేపు ఊరోళ్లు ఏమంటరో తెల్సా? బీమారి మనిషిని మతంల కలుపుతున్నరంటరు.”

“మతం సంగతి తర్వాత చూద్దాం మామా, ముందుగాల ఆమె బతకాలె. దేవుడు బువ్వ తింటడా? తినడు గద. తినేటోళ్లకే పెడ్తున్న” అన్నాను.

వెనకనుంచి ముత్తక్క కిసుక్కున నవ్వింది. మామకు ఇంకా కోపమొచ్చింది. నాకు మాత్రం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పాపకు పళ్ళు వచ్చాయా? రాయి.

నీ అక్క,
అరుంధతి


అహేరి,
జూన్ 27, 2007.

అక్కా,

పాపకు కింద రెండు పళ్ళు వచ్చాయి. మేము బాగున్నాం. ఇక అసలు సంగతికి వస్తాను.

మీ వీధి నర్సన్న మొన్న సంతకు వచ్చి మా బడి దగ్గర ఆగాడు. “మీ అక్కకు ఏమైంది మాస్తరూ? పటేలోళ్ల భీమక్కకు సాకిరి చేస్తున్నది” అన్నాడు. నేను నమ్మలేదు. ఒట్టు వేయించుకున్నాను. ఇంత పెద్ద ఉత్తరంలో ఆ ఒక్క పేరు రాయడానికి నీకు చెయ్యి రాలేదు కదూ? రాయకుండా దాచావంటే తప్పని నీకూ తెలుసన్నమాట.

నువ్వు మరిచిపోయావేమో, నేను మరిచిపోలేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. శనివారమంతా అమ్మ పటేలోళ్ళింట్లో వడ్లు దంచి వచ్చింది. ఆదివారం పొద్దున నా చెయ్యి పట్టుకుని మందిరానికి బయలుదేరింది. కొంగున వారమంతా తీసిపెట్టిన దేవుని బియ్యం. వాళ్ళ వాకిలి దాటుతుంటే కొత్త కోడలు భీమక్క ఆపింది. “నిన్న దంచినయి ఎత్కపోతున్నవా? ముడి విప్పు.” అమ్మ “దేవుని బియ్యం తల్లీ” అన్నది. “మీకు దేవుడెక్కడిదే?” అని నవ్వి, ముడి విప్పించి, ఆ బియ్యం కోళ్ళకు చల్లించింది. అమ్మ చేతులతోనే చల్లించింది అక్కా! పదిమంది చూస్తున్నారు. అమ్మ తలెత్తలేదు. ఆ ఖాళీ కొంగుతోనే మందిరానికి పోయి చివర కూర్చున్నది.

అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ కోళ్ళు మాత్రం నాకు ఇవ్వాళ్టికీ కనబడుతూనే ఉన్నాయి. భీమక్క మొగుడు కిష్టన్న లారీ వేసుకుని ఊళ్ళన్నీ తిరిగి ఆ రోగం తెచ్చి అంటించి చచ్చిపోయాడు. అయ్యో అంటాను, అంతే. వాళ్ళకు పొలాలున్నాయి, మరుదులున్నారు, చుట్టాలున్నారు. వాళ్ళు చూసుకుంటారు. నువ్వు మానెయ్. నీ ఉద్యోగం పోతే అన్నం పెట్టడానికి భీమక్క రాదు.

వినయ్‌కుమార్


సిరోంచ,
జూలై 5, 2007.

వినయ్‌కు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పేరు దాచిన మాట నిజం. తప్పని దాచలేదు, నువ్వు ఇలా ఎగిరిపడతావని దాచాను. ఎగిరిపడ్డావు. ఇప్పుడు కూర్చుని విను.

మరుదులు చూసుకుంటారన్నావు. చూసుకున్నారు! పశువుల కొట్టంలో ఎడ్లను అవతలికి తోలి ఆమెను పడేశారు. గడప బయట విస్తరి పెట్టి కర్రతో లోపలికి నెడతారు. నేను వెళ్ళిన రోజు ఆ విస్తరి మీద చీమలు పట్టి ఉన్నాయి. ముప్పై కిలోలు కూడా లేదు మనిషి. వీపంతా పుండ్లు. నేను అటుగా పోతున్నది ఇంకో ఇంటి పసిబిడ్డను తూకం వేయడానికి. మూలుగు విని లోపలికి తొంగి చూశాను. చూశాక ఎలా పోను? నువ్వయితే పోయేవాడివా? పోతానని రాయకు, నేను నమ్మను.

నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్తాను. చచ్చేటట్టు ఉండి కూడా భీమక్క రెండు రోజులు నా అన్నం తినలేదు.

“మీ చేతి బువ్వ నేను తిననే” అన్నది.

“తినకు. నీ ఇష్టం. రేపు మళ్ల తెస్త, ఎల్లుండి తెస్త. నాకేం పని లేదనుకున్నవా? అయినా తెస్త” అన్నాను.

మూడోరోజు పప్పు వాసనకు గోడవైపు తిరిగి, నన్ను చూడకుండా తిన్నది. తిని, “ఉప్పెక్కువైంది” అన్నది! నాకు ఒళ్ళు మండింది. మర్నాడు ఉప్పు తగ్గించాను.

అమ్మ సంగతి. నీకు తొమ్మిదేళ్ళు, నాకు పదిహేను. తిరిగి వచ్చేటప్పుడు నువ్వు ముందు పరుగెత్తావు, నేను అమ్మ పక్కన నడిచాను. అమ్మ నోరు మూసుకుని ఊరుకుందనుకుంటున్నావు. ఇంటిదాకా తిడుతూనే ఉంది. ఇంటికొచ్చి మోకరించింది. ఆ ప్రార్థన నేను విన్నాను. “ప్రభువా, దాని నోట్ల మన్నువడ, దానికి నీతి లేదు, దాని కండ్లు నెత్తికెక్కినయి. కొత్తగ కాపురానికొచ్చిన పోరి, దాన్ని జర మంచిగ చూడు” అన్నది. రెండూ ఒకే ఊపిరిలో అన్నది. నాకు నవ్వొచ్చింది, అమ్మ నెత్తిన ఒకటి మొట్టింది. నువ్వు తలవంచుకున్న అమ్మను మోస్తున్నావు. నేను ఈ అమ్మను మోస్తున్నాను.

ఇంకొక మాట. నా నోరు నీకు తెలుసు, నా కోపం తెలుసు. పెళ్ళయిన రెండేళ్ళకే మా ఆయన పోతే నేను ఏడాదిపాటు మందిరం గడప తొక్కలేదు, దేవుణ్ణి అనరాని మాటలన్నాను. అయినా దేవుడు నన్ను విడిచిపెట్టాడా? ఒక్కనాడు కూడా “ఇగ చాలు పో” అనలేదు. నా మంచితనం చూసి ప్రేమించలేదు, నాలో ఏముందని? అలాంటి ప్రేమ పొందినదాన్ని, భీమక్క దగ్గరికి వచ్చేసరికి మంచిదా చెడ్డదా అని తూకం వేయనా? వేయను. సిగ్గు నాకు.

ఇప్పుడు పని మాట. నాగ్‌పూర్ పెద్దాసుపత్రిలో ఈ జబ్బుకు మందులు ఉచితంగా ఇస్తున్నారట. నెల నెలా పోయి తెచ్చుకోవాలి, మింగితే బతుకుతారట. ఇక్కడి డాక్టరు చీటీ రాసిచ్చారు. ఒక్కరోజులో ఇక్కడినుంచి నాగ్‌పూర్ చేరేంత ఓపిక ఆమెకు లేదు. దారిలో అహేరిలో ఒక రాత్రి మీ ఇంట్లో పడుకోనియ్. అంతే అడుగుతున్నాను.

అరుంధతి


అహేరి,
జూలై 11, 2007.

అక్కా,

కుదరదు.

ఇంట్లో ఏడాది నిండని పాప ఉంది. సరిత భయపడుతోంది. ఇదంతా సాకు అంటావు. సరే, సాకే. అసలు మాట రాస్తాను. అమ్మ గడించిపెట్టిన చదువుతో నేను కట్టుకున్న ఇల్లు ఇది. అమ్మ కొంగు విప్పించిన మనిషి ఈ గడప ఎక్కడానికి వీల్లేదు. నువ్వు ప్రేమించుకో, నేను అడ్డుపడను. నన్ను మాత్రం అందులోకి లాగకు. ధర్మశాలలో దిగండి, భోజనం పంపుతాను.

అమ్మ ప్రార్థన సంగతి నాకు ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?

వినయ్


సిరోంచ,
జూలై 15, 2007.

తమ్ముడూ,

ధర్మశాలలో ఆమెను ఎవరూ ఉండనియ్యరు, నీకు తెలిసే రాశావు.

ఇరవయ్యో తారీఖు శుక్రవారం పొద్దుటి బస్సుకు భీమక్కను నీ ఇంటికి తెస్తున్నాను. తలుపు తీయకపోతే నీ వాకిట్లో కూర్చుంటాం. తోలేస్తే ఎదురింటి అరుగు మీద కూర్చుంటాం. నన్ను ఎత్తుకుని పెంచలేదు కదా నువ్వు, నేనే నిన్ను ఎత్తుకుని పెంచాను. నీ మాట నేను వినను.

అరుంధతి


అహేరి,
జూలై 20, 2007.

అక్కా,

ఇంత మోసం చేస్తావనుకోలేదు.

నేను బడినుంచి వచ్చేసరికి వాకిట్లో గోడకు ఆనుకుని భీమక్క ఒక్కతే కూర్చుని ఉంది. “అక్కేది?” అని సరితను అడిగితే, “బస్సు దిగిన కాడ సంచి మర్చిపోయిన్నని ఉరికింది, ఇంకా రాలే” అన్నది. నేను బస్టాండుకు ఉరికాను. నువ్వు సిరోంచ బస్సెక్కి గంటయిందట! రేపు నీ అంగన్‌వాడీ మీద విచారణ ఉందని టీ కొట్టువాడికి చెప్పి పోయావు, నాకు చెప్పలేదు. వీధివాళ్ళు అర్జీ పెట్టిన సంగతి కూడా నాకు రాయలేదు. ముందునుంచే ఇలా వదిలిపోవాలనే అనుకున్నావు, అవునా?

ఇంటికొచ్చి ఆమె ముందు నిలబడ్డాను. ఇరవై మూడేళ్ళుగా దాచుకున్న మాట అడిగాను.

“మా అమ్మ సత్తవ్వ కొంగు విప్పిచ్చి బియ్యం కోళ్లకు చల్లిచ్చినవు. యాదున్నదా?”

అక్కా, ఆమెకు గుర్తు లేదు! “యాద్ లేదు తమ్మీ. అప్పట్ల పనికొచ్చినోళ్లందరి కొంగులు చూసేటోళ్లం. మా అత్త చూడుమనేది, నేను చూసేదాన్ని. అండ్ల మీ అమ్మ ఎవరో నాకెట్ల యాదుంటది?” అన్నది. క్షమించమని కూడా అనలేదు. అబద్ధమైనా చెప్పలేదు.

ఆమె కాళ్ళ మీద పడి ఏడుస్తుందని, నేను పక్కకు తిరుగుతానని ఎన్నిసార్లు ఊహించుకున్నానో. ఆమె మనసులో మన అమ్మ లేనే లేదు. నేను ఇన్నేళ్ళూ ఒక్కణ్ణే కూర్చుని పోట్లాడుతున్నాను.

రేపు పొద్దున ఆమెను సిరోంచ జీపెక్కించి పంపుతాను. ఈ ఉత్తరం సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. వచ్చి దింపుకో.

వినయ్


సిరోంచ,
జూలై 23, 2007.

వినయ్,

అవును, మోసమే. ఒప్పుకుంటున్నాను. అడిగితే ఇవ్వవని తెలిసి వదిలి వచ్చాను. శనివారం పొద్దున విచారణ ముగించి జీపు స్టాండులో చీకటి పడేదాకా నిలబడ్డాను. నాలుగు జీపులు వచ్చాయి, భీమక్క దిగలేదు. ఆదివారం వచ్చింది లేదు, ఇవ్వాళ లేదు. ఎక్కడుంది ఆమె? బతికే ఉందా? బజారు చెవులు ఏమైనా కానీ అని మీ బడికి ఫోన్ చేస్తే మాస్తరు సెలవు అన్నారు. సరిత పుట్టింటికి పోయిందన్నారు. నాకు అన్నం సయించడం లేదు. దేవుణ్ణి అడుగుతున్నాను, నిన్ను తిడుతున్నాను, రెండూ కలిసిపోతున్నాయి.

విచారణ సంగతి. సూపర్‌వైజర్ మేడమ్ వచ్చి కూర్చున్నారు. అర్జీ మీద పన్నెండు సంతకాలు. “లోకాంచీ భీతీ సమజూన్ ఘ్యా, అరుంధతీతాయీ” అన్నారు. జనం భయాన్ని అర్థం చేసుకోవాలట. ఆమె దగ్గరికి వెళ్ళనని రాసిస్తే చాలు, సంగతి ఇక్కడితో పోతుందన్నారు. నేను రాయనన్నాను. “మీరు రాయండి మేడమ్. జబ్బు మనిషికి స్నానం చేయించినందుకు ఈమెను తీసేస్తున్నామని కాగితం మీద రాసి, సంతకం పెట్టి నాకివ్వండి. దాన్ని అద్దంలో పెట్టించి ఇంట్లో తగిలించుకుంటాను” అన్నాను. ఆమె కలం తీసి మళ్ళీ మూత పెట్టేశారు. అంతలో ముత్తక్క తన మనవరాలిని తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. “నా పిల్లకు ఇవ్వాల కిచిడీ ఏది?” అని గట్టిగా అడిగింది. మేడమ్ లేచి వెళ్ళిపోయారు.

ఉద్యోగం ఉంది. పిల్లలు పదముగ్గురు వస్తున్నారు, మిగతావాళ్ళు రావడం లేదు. దేవయ్య మామ ఇంకా మాట్లాడడం లేదు. నాకు అదేం పట్టదు. భీమక్క ఎక్కడో రాయి. పంపేస్తే పంపు, మళ్ళీ తెస్తాను. నువ్వు ఎన్నిసార్లు పంపితే అన్నిసార్లు తెస్తాను.

అక్క


అహేరి,
జూలై 27, 2007.

అక్కా,

బతికే ఉంది. ముందు అది చదువుకుని స్థిమితపడు. నాగ్‌పూర్‌నుంచి నిన్న తిరిగి వచ్చాం. ఇప్పుడు మా వరండాలో పడుకుని ఉంది, కాస్త తేరుకున్నాక నేనే తెచ్చి నీ దగ్గర దింపుతాను.

శనివారం పొద్దున చెప్పినట్టే సిరోంచ జీపు దగ్గరికి తీసుకెళ్ళాను. లోపల కూర్చోబెట్టాను. మీ వీధివాడు ఎవడో గుర్తుపట్టి అందరికీ చెప్పాడు. ఇక మొదలైంది. “దింపు దాన్ని!” “దాని పక్కన ఎవరు కూసుంటరు?” “వెనుక డాలా రేకు మీద కూసోమను, లేకుంటే మేం దిగుతం.” డ్రైవరు నా వైపు చూశాడు. నేను ఏదో అనేలోపే భీమక్క మూట చంకన పెట్టుకుని, తల వంచుకుని తనే దిగింది. దిగాలని ముందే తెలిసినట్టు దిగింది.

నాకు ఏమైందో ఇప్పటికీ చెప్పలేను. జీపు తలుపు పట్టుకుని అరిచాను. “ఈమె మీద కోపముంటే నాకుండాలె! నాకున్నది! మీకేం చేసింది? మీకెందుకున్నది కోపం? చెప్పుండ్రి!” బడి పిల్లల తండ్రులు ఇద్దరున్నారు అందులో, తలలు పక్కకు తిప్పుకున్నారు. “మీ జీపు మీరే ఉంచుకోండ్రి” అని ఆమె మూట లాక్కుని నడిచాను. ఆమె వెనక వస్తూ “ఎటు తమ్మీ, ఊరు ఇటు గద?” అంటుంది. “నాగ్‌పూర్‌కు. నోరు మూసుకుని రా” అన్నాను. చంద్రపూర్ బస్సు నిలబడి ఉంది, ఎక్కేశాం. సరితకు టీ కొట్టు ఫోన్‌నుంచి చెప్పాను. ఆమె పాపను తీసుకుని నాలుగు రోజులు పుట్టింటికి పోయింది, అలిగి కాదులే, ఒక్కతే ఉండలేక.

ఒక సంగతి నీకు చెప్పాలి. శుక్రవారం సాయంత్రం పాప పాక్కుంటూ భీమక్క దగ్గరికి పోయింది. ఆమె గోడలోకి దూరిపోయేటట్టు వెనక్కి జరిగి, “తమ్మీ, పిల్లను తీస్కో, జల్ది తీస్కో” అని అరిచింది. సరిత ఉరికి వచ్చింది. వచ్చి పాపను తీసుకోలేదు, అక్కడే ఉండనిచ్చింది. ఎందుకట్ల చేశావని తర్వాత అడిగితే, “వదినె ట్రైనింగుల చెప్పిండ్రన్నది గద” అన్నది. నాకంటే ముందు నీ మాట నమ్మింది నా పెళ్ళాం.

చంద్రపూర్‌లో రైలెక్కాక భీమక్క వాంతి చేసుకుంది. నేనే కడిగాను. ముక్కు మూసుకుని, తిట్టుకుంటూ కడిగాను. నాకు నీలాగా చేతకాదు. “మీ అమ్మ పేరేందన్నవు?” అని దారిలో మళ్ళీ అడిగింది. సత్తవ్వ అని చెప్పాను. కాసేపయ్యాక, “ఎంత యాది చేసుకున్నా మొఖం యాదికొస్తలేదు తమ్మీ. నాది తప్పే” అన్నది.

ఆసుపత్రిలో రెండు రోజులు రక్తం తీశారు, కాగితాలు రాశారు, ఒక మేడమ్ గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడారు. మందు ఒక్కపూట తప్పినా లాభం లేదట, జీవితాంతం మింగాలట. నెల నెలా వెంట తీసుకొచ్చే మనిషి ఒకరు ఉండాలన్నారు, ఆ మనిషి సంతకం పెట్టనిదే మందు ఇవ్వరు. నువ్వు సిరోంచలో ఉన్నావు, వానలకు దారి తెగితే నెలలో సగం రోజులు రాలేవు. నర్సు కలం నా ముందు పెట్టింది. పేరు రాశాను. కింద ఆమెతో నాతే ఏమిటి, ఏం చుట్టరికం అని గడి ఉంది.

“శత్రువు అని రాయొచ్చా సిస్టర్?” అని మరాఠీలో అడిగాను. ఆమె నవ్వింది. నేను నవ్వలేదు, నిజంగానే అడిగాను. వెనక ఇంకా ముప్పై మంది వరుసలో ఉన్నారు. “భావూ” అని, తమ్ముణ్ణని రాసి సంతకం పెట్టాను.

నువ్వు ఇది చదివి మందిరంలో సాక్ష్యం చెప్తావేమో, చెప్పకు. నా మనసు మారిపోయిందని ఎవరికీ చెప్పకు. నేను ఆమెను ప్రేమించడం లేదు అక్కా. దేవుని ముందు అబద్ధం రాయను. అమ్మను తలచుకున్నప్పుడల్లా కోపం రగులుతూనే ఉంది. కానీ వచ్చే నెల ఇరవయ్యో తారీఖు నువ్వు ఆమెను పొద్దుటి బస్సెక్కించు, నేను అహేరి బస్టాండులో ఉంటాను. ఆ పై నెల ఉంటాను, ఆమె బతికినన్నాళ్ళూ ఉంటాను. అంతవరకు నేను చేస్తాను. అంతకంటే ఎక్కువ కావాలంటే ఆ దేవుణ్ణే వచ్చి నాతో చేయించుకోమను.

తమ్ముడు,
వినయ్‌కుమార్